జీడితోట చుట్టూ కరెంటు తీగ: ఎలుగుబంటి, రైతు, ఎన్నికల హామీలు

ముందుగా అడిగిన ప్రశ్న క్లుప్తంగా: "మాది మందస మండలంలో కొండ కింద ఊరు. రెండెకరాల జీడితోట, గట్ల మీద నాలుగు పనస చెట్లు ఉన్నాయి. ఎలుగుబంట్లు తోటలోకి దిగుతున్నాయి. మా నాన్న, పక్క రైతులు కలిసి రాత్రిళ్లు కరెంటు తీగ వేద్దామంటున్నారు. నేను వద్దన్నాను. 'విశాఖలో చదువుకొచ్చాక నీకు మనిషికంటే జంతువు ఎక్కువైపోయిందా' అని ఊళ్లో నన్నే తిడుతున్నారు. సర్పంచ్‌గా నిలబడదామనుకుంటున్న ఒకాయన ఎలుగులన్నిటినీ పట్టించి పంపించేస్తానంటున్నాడు. ఇంకొకాయన కొండ మీద క్వారీ వస్తే ఉద్యోగాలొస్తాయి, ఎలుగుల బెడదా పోతుందంటున్నాడు. ఇందులో న్యాయం ఎవరివైపు ఉంది డాక్టరుగారూ?"

బాబూ, తీగ మాత్రం వేయనివ్వకు. మిగతా విషయాల్లో రెండు రకాలుగా ఆలోచించవచ్చు. ఈ ఒక్కదాంట్లో అలా కుదరదు కాబట్టి ముందే చెప్పేస్తున్నాను.

నేను పశువైద్యుడిగా పలాస, టెక్కలి వైపు ఊళ్లలో చాలా ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. ఈ తీగ సంగతి బాగా తెలుసు. మోకాలెత్తు కర్రలు పాతి, వాటికి ఖాళీ సీసాలో సైకిల్ ట్యూబు ముక్కలో కట్టి, వాటి మీదుగా జి.ఐ. వైరు (జింకు పూత ఇనుప తీగ) లాగుతారు. చీకటి పడ్డాక మోటారు స్టార్టర్ నుంచి గానీ, పైన పోయే లైనుకి కొక్కెం తగిలించి గానీ కరెంటు ఇస్తారు. తెల్లారేలోపు తీసేస్తామనే అంటారు. ఒక రోజు జ్వరమొస్తుంది, ఇంకో రోజు పెళ్లికి వెళ్తారు, తీగ అలాగే ఉండిపోతుంది. వేకువనే చెంబు పట్టుకుని బయటికెళ్లిన ముసలాయనకి గానీ, జీడిపిక్కలు ఏరుకుందామని పొద్దు పొడవకముందే వచ్చిన ఆడకూతురికి గానీ అక్కడ తీగ ఉందని తెలియదు. తీగ తగిలి చచ్చిన ఆవుల్ని నేను పరీక్ష చేశాను. గిట్ట పైనో మూతి పక్కనో అర్ధరూపాయి బిళ్లంత కాలిన మచ్చ ఉంటుంది, అంతే. నోరు తెరిచి చూస్తే పళ్ల మధ్య నమలని పచ్చగడ్డి అలాగే ఉంటుంది. మేస్తూ మేస్తూ ఉన్నపళంగా పోయిందని అర్థం.

పెద్ద జంతువులకూ ఇదే గతి. 2023 మే నెలలో భామిని మండలం కత్రగడ దగ్గర నాలుగు ఏనుగులు ఒకేచోట కరెంటు తగిలి చనిపోయాయి. భామిని ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లాలో ఉంది గానీ, 2022 దాకా మన శ్రీకాకుళం జిల్లాలోనిదే.

చట్టం ఈ విషయంలో చాలా సూక్ష్మంగా ఆలోచించింది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఎలుగుబంటి మొదటి షెడ్యూల్లో, అంటే గట్టి రక్షణ ఉన్న జంతువుల జాబితాలో ఉంది. ఉచ్చు పన్ని, విషం పెట్టి, తీగ వేసి చంపితే అది వేట కిందికే వస్తుంది. శిక్ష మూడేళ్లకు తగ్గదు, ఏడేళ్ల దాకా పడవచ్చు. దొంగ కరెంటు వాడినందుకు విద్యుత్ చట్టం కింద కేసు వేరే. మనిషి పోతే దాని కథ ఇంకా వేరు. ఆ వన్యప్రాణి చట్టమే 11వ సెక్షన్లో ఇంకో మాట కూడా చెప్పింది: నీ ప్రాణమో పక్కవాడి ప్రాణమో కాపాడుకోవడానికి, వేరే దారి లేక, సదుద్దేశంతో జంతువును చంపితే అది నేరం కాదు.

అంటే మనిషి ప్రాణం ముందు అనే మాటను చట్టమే ఒప్పుకుంది. ఎలుగు మీద పడితే చేతిలో కత్తి ఉన్నవాడు ఊరుకోవాలని ఎవరూ చెప్పడం లేదు. కాబట్టి "మనిషికంటే జంతువు ఎక్కువా" అని నిన్నడిగినవాళ్లకి ధైర్యంగా "కాదు" అని చెప్పు. ఎదురుపడ్డప్పుడు ప్రాణం కాపాడుకోవడం వేరు, ఎవరొస్తారో తెలియకుండా చావును పరిచి ఇంటికెళ్లి పడుకోవడం వేరు. నువ్వు కాదంటున్నది ఈ రెండోదాన్నే.

ఇక ఎలుగు సంగతి. దాన్ని రాక్షసిలా చూపించే వీడియోలు ఫోన్లలో తిరుగుతూ ఉంటాయి. దాని ప్రధాన ఆహారం చెదలు, చీమలు, పళ్లు, తేనె. ఆ పొడుగాటి గోళ్లు పుట్టలు తవ్వుకోవడానికి. చూపు అంతంతమాత్రం. పుట్టలో మూతి పెట్టి పీలుస్తున్నప్పుడు మనం పది అడుగుల దూరానికి వచ్చినా గమనించదు. గమనించిన క్షణంలో బెదిరిపోతుంది, పారిపోవడానికి బదులు తిరగబడుతుంది. వీపు మీద పిల్లలుంటే మరీను. దెబ్బలు ఎక్కువగా తల మీద, ముఖం మీద పడతాయి. ముఖం చీలిపోయి బతికినవాళ్లను చూసినవాడెవడూ రైతు భయాన్ని తక్కువ చేసి మాట్లాడలేడు. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగి దగ్గర ఏం జరిగిందో మన జీడి, కొబ్బరి తోటల ప్రాంతం ఉద్దానంలో చిన్నపిల్లాణ్ణి అడిగినా చెప్తాడు. ఒక రైతు ప్రాణం పోయింది, ఇంకా చాలామంది గాయపడ్డారు. చివరికి పట్టుబడిన ఎలుగు కూడా బతకలేదు.

ఆ రైతు కుటుంబానికి "పాపం, అది కావాలని చేయలేదు" అని చెప్పడం క్రూరత్వం. అలాగని ఎలుగు కక్షగట్టిందనడం అబద్ధం. రెండూ ఒప్పుకున్నాకే అసలు ప్రశ్న మొదలవుతుంది. ఎలుగు బతకాలని మనందరం అంటున్నాం కదా, ఆ బతుకు ఖర్చు ఎవరు పెట్టుకోవాలి?

నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఇదే. ఇప్పుడు ఆ ఖర్చు మొత్తం కొండ కింద రెండెకరాల రైతు ఒక్కడే పెట్టుకుంటున్నాడు. చట్టం చేసింది ఢిల్లీలో. ఎలుగు ఫోటో చూసి సంతోషించేది విశాఖలో, హైదరాబాద్‌లో. రాత్రి కాపలా, పోయిన పనసకాయలు, పగిలిన ముఖం మాత్రం మందసలో. ఇది అన్యాయం, ఈ అన్యాయమే మీ నాన్నగారి చేతికి తీగ ఇస్తోంది.

రాజ్యాంగంలో 48ఎ అధికరణం అడవులనీ వన్యప్రాణులనీ కాపాడే పని ప్రభుత్వానికి అప్పగించింది. 51ఎ (జి) సాటి ప్రాణుల మీద దయ చూపడం పౌరుడి బాధ్యత అంది. ఈ రెండూ 1976లో 42వ సవరణతో ఒకేసారి వచ్చాయి. రైతు తీగ వేస్తే వెంటనే పౌరుడి బాధ్యత గుర్తొస్తుంది. పనస చెట్టు కింద నష్టం లెక్క రాయాల్సి వచ్చినప్పుడు ప్రభుత్వ బాధ్యత ఎవరికీ గుర్తు రాదు.

మన జిల్లాలోనే దీనికి రెండు మంచి ఉదాహరణలున్నాయి. టెక్కలి దగ్గర తేలినీలాపురం వెళ్లావా? వానలు వెనకబట్టాక గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు వచ్చి ఊళ్లోని చింతచెట్ల మీద గూళ్లు పెడతాయి. (అందరూ సైబీరియా పక్షులంటారు గానీ ఈ రెండూ మన దేశంలో ఉండేవే.) పెరట్లో చేపల కంపు, రెట్టలు, రాత్రంతా గోల. అయినా ఊరివాళ్లు ఒక్క రాయి విసరరు. ఆడపడుచులు పుట్టింటికి వచ్చినట్టే చూసుకుంటారు. ఆ ఊరివాళ్ల మంచితనానికి నేను చేతులెత్తి మొక్కుతాను. కాకపోతే ఒక మాట చెప్పాలి. ఆ పక్షులు తినేది చెరువుల్లో, తంపర (చిత్తడి) నేలల్లో చేపల్ని. ఊరి పంటను కాదు. దయకు అక్కడ అయ్యే ఖర్చు ఓర్చుకోగలిగినంత. "తేలినీలాపురం వాళ్లను చూసి నేర్చుకోండి" అని ఉద్దానం రైతుకు ఎవరైనా పాఠం చెప్తే నాకు కోపమొస్తుంది. తేలినీలాపురంలో పిల్లలు పొద్దున్నే లేచి బడికి వెళ్లే దారిలో ప్రాణభయం లేదు.

రెండోది సముద్రం. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు తూర్పు తీరంలో మరబోట్ల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి. ఆ రెండు నెలలు గంగపుత్రుడు ఏం తినాలి? అందుకే ప్రభుత్వం ఇంటికింత అని భృతి ఇస్తోంది. 2025 ఏప్రిల్‌లో దాన్ని 10 వేల నుంచి 20 వేలకు పెంచారు. ఆ పెంచిన పథకాన్ని మన ఎచ్చెర్ల మండలం బుడగట్లపాలెంలోనే మొదలుపెట్టారు. సరిపోతుందా లేదా అన్నది వేరే చర్చ. సూత్రం చూడు: ప్రకృతి కోసం నువ్వు ఆగాలి, నువ్వు ఆగినందుకు సమాజం నీకు డబ్బు కట్టాలి. సముద్రం దగ్గర ఒప్పుకున్న ఈ మాటను కొండ దగ్గర ఎందుకు ఒప్పుకోం? మీ ఊరి రైతులు అడగాల్సింది దానం కాదు, ఇదే లెక్క.

కొంత కాగితం మీద ఉంది కూడా. అడవి జంతువు వల్ల మనిషి చనిపోతే ఇచ్చే పరిహారాన్ని కేంద్ర పథకాల కింద 2023 డిసెంబర్‌లో 5 లక్షల నుంచి 10 లక్షలకు పెంచారు. తీవ్రంగా గాయపడితే 2 లక్షలు. పంటల విషయానికొస్తే, అడవి జంతువుల వల్ల జరిగే నష్టాన్ని 2026 ఖరీఫ్ నుంచి ఫసల్ బీమాలో (కేంద్రం పంటల బీమా పథకంలో) చేరుస్తున్నట్టు 2025 నవంబర్‌లో కేంద్రం ప్రకటించింది. నష్టం జరిగిన 72 గంటల్లో ఫోటోలతో యాప్‌లో పెట్టాలి. ఏ జంతువులు, ఏ ప్రాంతాలు అన్నది మాత్రం రాష్ట్రం గుర్తించి నోటిఫై చేయాలి. అక్కడే రాజకీయం పని చేయాలి, చేయించుకోవాలి.

ఎలుగులన్నిటినీ పట్టించి పంపేస్తానన్నాయన దగ్గరికి వద్దాం. ఆయన్ని ఒకటే అడుగు: ఎక్కడికి పంపిస్తారు? మహేంద్రగిరి వైపు కొండల్లో ఖాళీ చోటు ఎక్కడుంది? ఈ కొండ దాటితే సవర గిరిజనుల గూడేలు, ఆ కొండ దాటితే ఒడిశా ఊళ్లు. మన తోటలో భయాన్ని బోనులో పెట్టి మనకంటే గొంతు చిన్నదైన వాళ్ల గుమ్మం ముందు దింపి రావడం పరిష్కారం ఎలా అవుతుంది? జంతువు వైపు నుంచీ ఒక మాట చెప్పాలి, ఇది నా వృత్తి కాబట్టి. వందమంది కేకలు వేస్తూ తరుముతుంటే గంటల తరబడి పరిగెత్తిన జంతువుకి, అదీ ఎండాకాలంలో, మత్తు సూది వేస్తే ఒళ్లు కాలిపోతుంది, కండరాలు దెబ్బతింటాయి, గుండె ఆగిపోవచ్చు. మందు మోతాదు సరిగ్గా ఉన్నా ఇది జరుగుతుంది. కాబట్టి నిజంగా మనుషుల ప్రాణాలు తీస్తున్న ఒక జంతువును పట్టాల్సి వస్తే గుంపును దూరంగా ఉంచడం అన్నిటికంటే ముఖ్యం. ఆ పని చేయాల్సింది ఊరి పెద్దలు. సెల్‌ఫోన్లు పట్టుకుని ముందుకు తోసుకుపోయే కుర్రాళ్లను ఆపగలిగిన సర్పంచ్, ఎలుగుల్ని పంపించేస్తానన్న సర్పంచ్ కంటే ఎక్కువ ప్రాణాలు కాపాడతాడు.

క్వారీ మాట ఇంకా జాగ్రత్తగా ఆలోచించాలి. ఉద్యోగాలు వద్దని నేననను. ఉద్దానం కుర్రాళ్లు పనుల కోసం ఎంత దూరం పోతున్నారో తెలుసు. కానీ కొండ పేలిస్తే ఎలుగుల బెడద పోతుందన్న లెక్క తలకిందులుగా ఉంది. బండల సందుల్లో, గుహల్లో పడుకునే జంతువు అది. కొండ మీద బాంబులు పేలితే అది మాయమైపోదు, కిందికి దిగుతుంది. కింద ఉన్నది మీ తోట. ఊట నీళ్లు ఏమవుతాయి, దుమ్ము జీడి పూత మీద పడితే ఏమవుతుంది, ఈ ప్రశ్నలు ఎలుగువి కావు, మీవే.

ఇక్కడ సోంపేట గుర్తు చేస్తాను. నీకు ఊహ తెలిసేనాటికి ఆ గొడవ ముగిసిపోయి ఉంటుంది. అక్కడి బీలలో, అంటే నీళ్లు నిలిచే చిత్తడి నేలలో, 2,640 మెగావాట్ల థర్మల్ ప్లాంటు పెడతామన్నారు. కాగితాల్లో ఆ నేల పనికిరాని భూమి. ఆ నీళ్లలో చేపలు పట్టుకునేవాళ్లకి, ఆ తేమతో వరి పండించుకునేవాళ్లకి, పశువులు మేపుకునేవాళ్లకి అది ఎంత పనికొచ్చేదో కాగితం రాసినవాళ్లు అడగలేదు. 2010 జూలై 14న పోలీసు కాల్పుల్లో ఇద్దరు చనిపోయారు. అదే రోజు జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ ప్లాంటు అనుమతిని రద్దు చేసింది. అడగాల్సిన ప్రశ్నలు ముందే అడిగి ఉంటే ఆ రెండు ప్రాణాలు పోయేవి కావు. ఆ బీలలో దిగే పక్షుల కోసం ఎవరూ రోడ్డెక్కలేదు, తమ బతుకు కోసమే ఎక్కారు. అయినా బీల నిలిచింది, దాంతో పక్షులకీ చోటు మిగిలింది. జంతువుల మేలు, పేదరైతు మేలు ఎదురెదురుగా నిలబడి ఉంటాయని మనకు చెప్తుంటారు. మన జిల్లాలో నేను చూసినంతవరకు నీళ్లూ కొండా పోతే ఇద్దరూ కలిసే నష్టపోయారు.

కాబట్టి క్వారీ గురించి హామీ ఇచ్చినాయన్ని గ్రామసభలో అందరి ముందూ అడుగు. లీజు ఎన్ని ఎకరాలు, ఎన్నేళ్లు? ఊరివాళ్లకి ఎన్ని ఉద్యోగాలు, ఏ పని, జీతం ఎవరు ఇస్తారు? ప్రజాభిప్రాయ సేకరణ పెట్టాల్సినంత పెద్ద గనైతే ఆ సభ మన ఊళ్లోనే పెడతారా? జవాబులు పంచాయతీ మినిట్స్ పుస్తకంలో రాయించు. నోటి మాటగా వదిలేయకు.

మీ నాన్నగారితో మాత్రం వాదన పెట్టుకోకు. తిత్లీ తుఫాను వచ్చిన 2018 అక్టోబర్ తర్వాత ఉద్దానంలో కూలిపోయిన జీడి, కొబ్బరి చెట్లను చూసినవాడికి ఆయన బెంగ అర్థమవుతుంది. జీవితకాలపు తోట ఒక్క రాత్రిలో పోయింది. మళ్లీ నాటుకున్న మొక్కలు ఇప్పుడు కాపుకొచ్చాయి. అలాంటి తోటలో ఏది అడుగుపెట్టినా ఆయనకు ప్రాణం విలవిల్లాడుతుంది. "తప్పు చేస్తున్నావు నాన్నా" అంటే వినరు. "తీగకి మనోళ్లే ఎవరైనా పోతే?" అంటే వింటారు. వేరే దారి చూపిస్తే ఇంకా బాగా వింటారు.

ఆ దారులు ఇవి. ఎలుగుకు కావలసింది జీడిపిక్క కాదు, పండు. పిక్క మీది తొక్కలో చర్మం కాల్చే నూనె ఉంటుంది, దాని జోలికి పోదు. మనం పిక్క ఒలుచుకుని పళ్లను తోటలోనే కుప్పపోసి వదిలేస్తాం. రెండు రోజుల్లో అవి పులిసి కల్లు వాసన కొడతాయి. ఆ వాసన ఎలుగుకు విందు పిలుపులా కొండ దాకా వెళ్తుంది. పళ్లు ఏ రోజువి ఆ రోజు గోతిలో వేసి మట్టి కప్పండి. పండిన పనసకాయ చెట్టు మీద ఉంచకుండా సాయంత్రానికే దించేయండి. వేకువన ఒక్కరే తోటకు వెళ్లొద్దు, ఇద్దరు ముగ్గురు కలిసి గట్టిగా మాట్లాడుకుంటూ వెళ్లండి. మనిషి అలికిడి దూరం నుంచే వినిపిస్తే ఎలుగు తప్పుకుంటుంది. దారి పక్క తుప్పలు కొట్టేయండి. కుక్కను వెంట తీసుకెళ్లొద్దు. అది ఎలుగును రెచ్చగొట్టి మళ్లీ మీ కాళ్ల దగ్గరికే పరిగెత్తుకొస్తుంది, దాని వెనకే ఎలుగు వస్తుంది. ఆడవాళ్లు చీకట్లో బయటికి వెళ్లాల్సిన పని లేకుండా ప్రతి ఇంట్లో మరుగుదొడ్డి వాడుకలో ఉండేలా చూడటం కూడా ఎలుగు నుంచి రక్షణే. గట్టు లేని నేలబావుల చుట్టూ గోడ కట్టించండి, మనిషీ జంతువూ ఇద్దరూ పడుతుంటారు.

కంచె కావాలంటే సోలార్ కంచె వేసుకోండి. అందులో కరెంటు సెకనుకొక్కసారి రెప్పపాటు మాత్రమే వస్తుంది, గట్టిగా జిల్లుమంటుంది గానీ చంపదు. లైను కరెంటు నేరుగా ఇచ్చే తీగకీ దీనికీ అదే తేడా. ఒక్క రైతుకి ఖర్చు ఎక్కువ. పక్కపక్క తోటల వాళ్లంతా కలిసి చుట్టూ ఒకే కంచె వేసుకుంటే తలా ఒక్కరికి బాగా తగ్గుతుంది. సర్పంచ్‌గా నిలబడేవాళ్లు నిజంగా ఏదైనా చేయాలనుకుంటే ఈ కంచెకు డబ్బు తెప్పించమను. నష్టం రాసుకోవడానికి అటవీ శాఖ, ఉద్యాన శాఖ సిబ్బంది కలిసి నేరుగా మన ఊళ్లోకే రావాలని తీర్మానం చేయించమను. రైతు కూలి మానుకుని ఆఫీసుల చుట్టూ తిరగాల్సిన పని ఉండకూడదు. ఫసల్ బీమాలో మన మండలం పేరు, ఎలుగు పేరు ఉండేలా జిల్లా స్థాయిలో అడగమను.

ఒకవేళ నువ్వు ఇది చదివేసరికే ఎవరైనా తీగ వేసేసి ఉంటే, నువ్వు వెళ్లి ముట్టుకోకు. పగలు కరెంటు లేదని చెప్పినా నమ్మకు. లైన్‌మన్‌కి ఫోన్ చేసి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర సప్లై ఆపించి, ఆయన చేతే తీయించు. ఆ తోట రైతు మీద కేసు పెట్టించడానికి పిలవడం లేదని ముందే ఆ రైతుకి చెప్పు, ఆయన్ని కూడా పక్కన నిలబెట్టుకో.